పిల్లల తొట్టికి ఉప్పునీటి చేపలు

సముద్రపు నీటిని గానీ, దానికి సమానంగా ఉప్పు కలిపిన నీటిని గానీ గాజుతొట్టిలో నింపి చేపలను పెంచితే అది ఉప్పునీటి అక్వేరియం. పెద్దవాళ్లు సరదాకు పెట్టుకునే తొట్టిలోకి ఏ చేపలు తేవాలో వాళ్ల ఓపికా డబ్బూ తేలుస్తాయి. పిల్లల కోసం పెట్టే తొట్టికి ఆ లెక్క పనికిరాదు. చేప చూడముచ్చటగా ఉంటే చాలదు. అది కుట్టకూడదు, పక్కచేపను పీక్కుతినకూడదు, ఒకరోజు మేత మరిచినా తట్టుకోవాలి, పెరిగి తొట్టిని మించిపోకూడదు, కొన్నవాళ్లను చట్టం ముందు నిలబెట్టకూడదు. దుకాణంలో మెరిసే సముద్రపు చేపల్లో ఇన్ని పరీక్షలకూ నిలిచేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో ఇంకో పరీక్ష తోడవుతుంది. అది చేపకు కాదు, నీటికీ కరెంటుకూ. పాచిపెంట లాంటి చోట నిలబడి చూస్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది.

సముద్రం లేని చోట

పాచిపెంట తూర్పు కనుమల పాదాల దగ్గర, పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేదాకా విజయనగరం జిల్లాలో ఉండేది. విశాఖపట్నం నుంచి రాయపూర్ వెళ్లే జాతీయ రహదారి సాలూరు దాటాక ఈ మండలంలోని పి.కోనవలస ఘాట్ ఎక్కి ఒడిశాలోకి పోతుంది. ఇక్కడి పిల్లలకు చేప కొత్త కాదు. పెద్దగెడ్డ జలాశయంలో బొచ్చె, శీలావతి తెలుసు. వానలకు పొంగిన గెడ్డల్లో పరిగెలు పట్టడం తెలుసు. అయితే అవన్నీ కూరకుండలోకి వెళ్లే చేపలు. చూడడానికి పెంచే చేప, అందులోనూ ఉప్పునీటి చేప, సినిమా నుంచో సెల్‌ఫోన్ నుంచో ఇంట్లోకి వచ్చిన కోరిక.

పాచిపెంట కొండల్లో పుట్టిన వేగావతి సాలూరు మీదుగా పారి నాగావళిలో కలుస్తుంది. ఆ నీళ్లన్నీ చివరికి సముద్రానికే పోతాయి. సముద్రం మాత్రం ఇటు రాదు. గాలిదారిన కొలిచినా ఇక్కడికి 70 కిలోమీటర్ల పైమాటే.

నీళ్లు ముందు, చేప తర్వాత

తొట్టిలో కల్లుప్పు వేస్తే సరిపోదా అని అడగనివాళ్లు ఉండరు. సరిపోదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో మనం తినే ఉప్పు 85 శాతం దాకా ఉంటుంది. మిగతాది మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం. తీరంలోని నౌపాడ ఉప్పుమళ్లలో నీరు ఎండి ఉప్పు గడ్డకట్టేటప్పుడు ఈ మిగతా లవణాల్లో చాలా భాగం చేదునీటిలో ఉండిపోతాయి. అంటే సముద్రం నుంచే వచ్చినా కల్లుప్పులో సముద్రం పూర్తిగా లేదు. చేపకు ఆ లేని భాగం కూడా కావాలి. అందుకే అక్వేరియం దుకాణాల్లో ‘సీ సాల్ట్’ పేరుతో అమ్మే కృత్రిమ సముద్రపు ఉప్పే వాడాలి. 100 లీటర్లకు మూడున్నర కిలోలకు కొంచెం పైన పడుతుంది.

ఈ చిక్కు ఒక్క పాచిపెంటదే కాదు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో తొలి ప్రజా అక్వేరియం తెరిచినప్పుడు అక్కడా ఇదే సమస్య. సముద్రతీరం నుంచి పీపాల్లో నీళ్లు మోయించలేక ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు మరుసటి ఏడాది లవణాలు కలిపి సముద్రపు నీటిని తయారుచేసి చూపించాడు. సముద్రం లేని ఊళ్లో సముద్రపు చేపను బతికించవచ్చని తేలింది అప్పుడే.

విశాఖ దగ్గరి భీమిలి తీరం నుంచి క్యాన్లలో నీళ్లు తెచ్చుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా అనిపిస్తుంది. తేవచ్చు గానీ రెండు జాగ్రత్తలున్నాయి. ఓడరేవు, మురుగు కాలువల పక్కన పట్టకూడదు. వానాకాలం వెళ్లిన తర్వాత, అక్టోబరు, నవంబరు నెలల్లో అసలే తేకూడదు. గంగ, మహానది వంటి నదులు కుమ్మరించిన మంచినీరు ఆ రోజుల్లో ఒడ్డు వెంటే దక్షిణానికి జారుతుంది. విశాఖ ఒడ్డున నీటిలో లవణాలు లీటరుకు 30 గ్రాముల దిగువకు పడిపోతాయి. నాలుకతో చూస్తే ఉప్పగానే ఉంటుంది, చేపకు మాత్రం చప్పన. ఎక్కడి నీరైనా హైడ్రోమీటరుతో కొలవాలి, సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య ఉండాలి.

ఉప్పు కలపడానికి బోరు నీటికంటే ఊళ్లోని వాటర్ ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల టిన్ను నీళ్లు నయం. కలిపిన నీటిని ఒక రాత్రంతా గాలి పంపుతో తిప్పి మర్నాడు తొట్టిలో పోయాలి. ఆ తర్వాత తొట్టిలో నీరు తగ్గుతుంటే ఉప్పునీరు పోయకూడదు, మంచినీరే పోయాలి. ఆవిరైపోయేది నీరే గానీ ఉప్పు కాదు. తొట్టి గాజు మీద గీత గీసి, నీరు ఆ గీత దిగినప్పుడల్లా చెంబుతో మంచినీళ్లు పోసే పని పిల్లలకు అప్పగిస్తే సైన్సు పాఠం చెప్పక్కర్లేకుండానే ఒంటబడుతుంది.

నీళ్లు నింపిన రోజే చేపను తేవడం ఈ వ్యాపకంలో అందరూ చేసే తప్పు. చేప విసర్జనలో అమ్మోనియా ఉంటుంది. అది చేపకే విషం. రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టరులో చేరే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఈ రెండు రకాలూ స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకూ ఖాళీ తొట్టే తిరుగుతుండాలి. బజారులో కొన్న ఒక పచ్చి రొయ్యను అందులో వేసి కుళ్లనిస్తే బ్యాక్టీరియాకు కావలసిన అమ్మోనియా దొరుకుతుంది. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపిన రోజున చేపకు ముహూర్తం. చేప లేని తొట్టి ముందు ఒకటిన్నర నెల కూర్చోవడం పిల్లలకు కష్టమే. ఆ ఓపిక ఇంట్లో లేకపోతే మిగతా వ్యాసం చదవనక్కర్లేదు.

తొట్టి పరిమాణం గురించి ఒక మాట. చిన్నపిల్లలకు చిన్న తొట్టి అనే పొదుపు ఇక్కడ తిరగబడుతుంది. నీరు ఎంత తక్కువైతే అంత త్వరగా చెడుతుంది, అంత త్వరగా వేడెక్కుతుంది. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు తొట్టిలో వందకు కొంచెం పైన లీటర్లు పడతాయి. అంతకంటే తగ్గకూడదు. నీళ్ల బరువే క్వింటాలు దాటుతుంది గనుక టీవీ బల్ల మీద పెట్టకండి.

ఎండ, చలి, కరెంటు

సముద్రపు చేపలకు 24 నుంచి 27 డిగ్రీల వేడి సుఖం. మే నెలలో సాలూరు, పాచిపెంట ఇళ్లలో తొట్టి నీరు 30 దాటడం మామూలే. నీటి పైభాగానికి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే ఆవిరితో పాటు రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. అప్పుడు చెంబు పని కూడా పెరుగుతుంది. పుష్యమాసపు రాత్రుల్లో దీనికి తిరుగుడు: కొండగాలికి నీరు చల్లబడుతుంది, హీటరు కావాలి.

వేడి కంటే కరెంటు కోత ప్రమాదం. ఒకే వేడి దగ్గర మంచినీటి కంటే ఉప్పునీరు ప్రాణవాయువును దాదాపు ఐదో వంతు తక్కువ పట్టి ఉంచుతుంది. ఈదురుగాలికి స్తంభం కూలి పంపు ఆగితే, గెడ్డ చేప ఓర్చినంతసేపు సముద్రపు చేప ఓర్చుకోదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం ఈ ప్రాంతంలో హీటరు కంటే ముందు కొనాల్సిన వస్తువు.

మొదటి చేప మోలీ

అక్వేరియం పుస్తకాలు ఉప్పునీటి చేపలంటే నేరుగా నీమో దగ్గరికి పోతాయి. పాచిపెంట పిల్లకు మాత్రం మొదటి చేప మోలీ అయితే మంచిది. చిన్న పట్టణాల చేపల దుకాణాల్లో కూడా మంచినీటి తొట్టెల్లో తిరిగే ఆ నల్ల మోలీయే. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికాల తీరప్రాంతం. అక్కడ నదీముఖాల్లో ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగిన చేప గనుక రెండింటిలోనూ బతకగలదు.

ఎలా బతుకుతుందన్నది పిల్లలకు చెప్పదగిన కథ. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయటి నీటి కంటే ఎక్కువ. అందుకని నీరు దాని ఒంట్లోకి చొరబడుతూనే ఉంటుంది. అది నీళ్లు తాగదు, ఎడతెగకుండా మూత్రం పోస్తుంది. సముద్రపు చేపది దీనికి ఎదురు. దాని ఒంట్లోని నీటిని సముద్రం లాగేస్తుంటుంది. అది ఉప్పునీరు తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా తోసేస్తుంది. మోలీ మొప్పలు ఈ రెండు పనుల్లో ఏది కావాలంటే దానికి మారగలవు. మారడానికి వ్యవధి ఇవ్వాలి. వేరే బకెట్టులో ఉంచి, నాలుగైదు రోజుల్లో కొద్దికొద్దిగా ఉప్పునీరు కలుపుతూ పోయి, చివరికి తొట్టిలోకి వదలాలి. ఒక్కసారిగా వేస్తే చచ్చిపోతుంది.

ఇలా మారిన మోలీ తొట్టిలో నాచు గీరి తింటుంది, పిల్లలు వేసిన ప్రతి గింజా తింటుంది, దాదాపు నెలకోసారి పిల్లల్ని పెడుతుంది. గుడ్లు కావు, ఈదే పిల్లలే. పొరపాటు జరిగి చేప పోయినా ఇంటికి పెద్ద నష్టం లేదు. ఉప్పునీటి తొట్టిని నిలబెట్టడం నేర్చుకోవడానికి ఆరు నెలలు మోలీతో గడిపితే, ఆ తర్వాత ఖరీదైన చేప బతుకుతుంది.

నీమో

2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ చిత్రంతో పిల్లల నోట నీమోగా స్థిరపడిన చేప క్లౌన్. శాస్త్రనామం ఆంఫిప్రియాన్ ఒసెల్లారిస్. పిల్లల తొట్టికి అన్ని విధాలా తగిన సముద్రపు చేప ఇదొక్కటే అంటే అతిశయోక్తి కాదు. సాధారణంగా మూడు నాలుగంగుళాలే పెరుగుతుంది. ఒక మూలనే ఉంటుంది గనుక ఎక్కువ చోటు అడగదు. ఎండుమేత తింటుంది. గాజు దగ్గరికి వచ్చి మనిషిని చూస్తుంది.

క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడదవుతుంది, దాని తర్వాతిది దాని మగడు, మిగతావి కుర్రకారుగానే ఉండిపోతాయి. ఆడది చనిపోతే మగడు ఆడదిగా మారి ఇంటిపెద్ద అవుతాడు. అందువల్ల కొనేటప్పుడు ఒకే ఈడు పిల్లల్లో ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది ఏరుకుంటే చాలు. జత అదే కుదురుతుంది. మూడోది కొనకూడదు, జత కలిసి దాన్ని తరిమి చంపుతాయి. పెద్దయ్యాక పలక మీదో కుండపెంకు మీదో గుడ్లు పెడతాయి. వాటికి మగచేప కాపలా. వారం రోజులకు రాత్రిపూట గుడ్లు పగిలి పిల్లలు వస్తాయి. ఆ చేపపిల్లలు కంటికి కనిపించీ కనిపించని రోటిఫర్లనే జీవులనే తింటాయి గనుక ఇంట్లో వాటిని పెంచడం పెద్దవాళ్లకే గగనం.

సినిమాలో చూపినట్టు క్లౌన్‌కు సీఅనిమోన్ అనే సముద్రజీవి తోడుండాలని పిల్లలు పట్టుబడతారు. అక్కర్లేదు. సముద్రంలో శత్రువుల నుంచి దాక్కోవడానికే దానికి అనిమోన్ కావాలి. తొట్టిలో శత్రువు లేడు. అనిమోన్‌ను బతికించడం చేపను బతికించడం కంటే పదింతలు కష్టం, చస్తే తొట్టంతా చెడుతుంది. బోర్లించిన మట్టి మూకుడు పెడితే క్లౌన్ దానితోనే కాపురం చేస్తుంది.

క్లౌన్ జతకు తోడు కావాలంటే ఒకే ఒక గోబీ చేప, లేదా చుక్కల పైజామా తొడుక్కున్నట్టుండే పైజామా కార్డినల్ చేప ఒకటి. నీలం డామ్‌సెల్, మూడు చుక్కల డామ్‌సెల్ చవక, చావవు. అందుకే దుకాణదారులు మొదట వాటినే చేతిలో పెడతారు. ఒప్పుకోకండి. గోరంత ఉన్నప్పుడు ముద్దొచ్చే మూడు చుక్కల డామ్‌సెల్ అరచేతి వెడల్పు పెరిగి తొట్టికి రౌడీ అవుతుంది. నీళ్లు మార్చే చేతిని కూడా కరుస్తుంది.

కోడిపుంజి, ఇంకా వద్దన్న చేపలు

విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రసెల్. మనం రక్తపింజర అనే పామును ఇంగ్లీషువాళ్లు ఆయన పేరుతోనే పిలుస్తారు. విశాఖలో తాను సేకరించిన 200 చేపల బొమ్మలతో, వర్ణనలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలు అచ్చువేయించాడు. చేపల పేర్లను ఒడ్డున జాలర్ల నోట విన్నట్టే రాసుకున్నాడు. అందులో ఒకటి ‘కోడిపుంజి’. ఒంటినిండా ఈకల్లాంటి రెక్కలు విప్పుకుని తిరిగే లయన్‌ఫిష్ అది. పుంజుతో పోల్చిన ఆ తెలుగు మాట తర్వాత శాస్త్రనామంలోకీ ఎక్కింది: 1852లో డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లీకర్ దీనికి టెరాయిస్ కోడిపుంజి అని పేరు పెట్టాడు. అంతకు ముందే రసెల్ పేరు మీద పెట్టిన టెరాయిస్ రసెలీ అన్న పేరే చివరికి నిలబడింది.

ఇంత మంచి తెలుగు పేరున్నా కోడిపుంజి పిల్లల తొట్టికి పనికిరాదు. ఆ ఈకల మధ్య ముళ్లల్లో విషం ఉంటుంది. గుచ్చుకుంటే నొప్పి గంటల తరబడి తగ్గదు. నోట్లో పట్టే చేపనల్లా మింగుతుంది కూడా. విషపు ముళ్లతో దొరికే ఇంకో చేప చారల సముద్రపు జెల్ల. పిల్లగా ఉన్నప్పుడు బంతిలా గుంపుకట్టి తిరుగుతుంది, చూస్తే కొనాలనిపిస్తుంది. వద్దు.

నీమో సినిమాతోనే డోరీగా పేరుపడిన బ్లూ టాంగ్ అడుగు పొడవు పెరిగే ఈతగాడు. వంద లీటర్ల తొట్టి దానికి బోను. బటర్‌ఫ్లై చేపల్లో చాలావాటికి పగడపు జీవులే మేత, గింజలు ముట్టక ఎండిపోతాయి. పెట్టెచేప భయపడితే నీటిలోకి విషం వదిలి తోటి చేపల్నీ తననూ చంపుకుంటుంది. వీటిలో ఏదీ చెడ్డ చేప కాదు, చోటే చెడ్డది.

సముద్రపు గుర్రం సంగతి వేరు. పిల్లలకు దాన్ని మించిన వింత లేదు, దుకాణంలో గుట్టుగా అడిగేవాళ్లూ ఉంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి సముద్రపు గుర్రాలకూ, రాతి పగడాలకూ రక్షణ ఉంది. పట్టడం, అమ్మడం నేరం. బతికున్న పగడం అంటుకున్న రాయిని తొట్టిలో పెట్టడమూ అంతే. పగడపు రాయి బదులు ఇటుకల్లా కాల్చి చేసిన సిరామిక్ రాళ్లు వాడితే బ్యాక్టీరియా వాటి మీదా బాగానే చేరుతుంది. క్లౌన్ వంటి చేపలపై ఇప్పుడు అలాంటి నిషేధం లేదు. 2017 మేలో కేంద్ర పర్యావరణ శాఖ క్లౌన్‌తో సహా 158 రకాల జీవులను అక్వేరియాల్లో పెట్టడాన్ని, అమ్మడాన్ని నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది గానీ, అభ్యంతరాలు రావడంతో కొద్ది నెలలకే వెనక్కి తీసుకుంది.

ఎక్కడి నుంచి వచ్చిన చేప

దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, ఈ చేప హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా అని. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ పగడపు దిబ్బల్లో సైనైడ్ చల్లి మత్తెక్కించి చేపలను పట్టిన చరిత్ర ఉంది. అలా పట్టినవి దుకాణంలో బాగానే ఉండి ఇంటికొచ్చిన కొన్ని వారాలకు చచ్చిపోతాయి. పిల్లలు తమ తప్పే అనుకుని ఏడుస్తారు. హేచరీ చేప గాజు మధ్య పుట్టింది, ఎండుమేతకు అలవాటుపడింది.

మన దేశంలో కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాల్లో క్లౌన్, డామ్‌సెల్ చేపలను గుడ్ల నుంచి పెంచే పద్ధతులు అభివృద్ధి చేసింది. అదే సంస్థ విశాఖపట్నం కేంద్రం పేరు తెచ్చుకున్నది మాత్రం కూర చేపల్లో. అక్కడ పిల్లలు తీయించిన ఇండియన్ పాంపనో చేప శాస్త్రనామం ట్రాకినోటస్ మూకలీ. ఆ మూకలీ కూడా రసెల్ విశాఖ ఒడ్డున విని రాసుకున్న తెలుగు పేరే.

విశాఖలో చేప కొంటే పాచిపెంటకు బస్సులో మూడు గంటల పైన. సంచిలో మూడో వంతు నీరు, మిగతా ఆక్సిజన్ నింపించి థర్మోకోల్ పెట్టెలో తేవాలి. ఇంటికొచ్చాక సంచి నీటిలోకి తొట్టి నీరు చుక్కచుక్కగా గంటసేపు పడనిచ్చి, చేపను మాత్రమే తీసి వదలాలి. సంచి నీరు పారబోయాలి. కొనేముందు ఒకసారి పిల్లల్ని విశాఖ బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని అక్వేరియానికి తీసుకుపోతే మంచిది. అక్కడ చూసి తృప్తిపడి తొట్టి ఊసెత్తని పిల్లలూ ఉంటారు.

పిల్ల చేయి, పెద్ద చేయి

మేత వేయడం, వేడి చూసి పుస్తకంలో రాయడం, చెంబుతో నీరు పోయడం పిల్లల పనులు. ఉప్పు కలపడం, వారానికి పది లీటర్ల చొప్పున నీరు మార్చడం, కరెంటు వైర్లు తాకడం పెద్దలవి. ఉప్పునీటి తడి మామూలు తడి కంటే కరెంటును బాగా మోస్తుంది. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి వెళ్లేలా కట్టాలి. రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత. చేతికి గాయముంటే తొట్టిలో పెట్టకూడదు, పెట్టిన చేయి సబ్బుతో కడగాలి.

తీసిన ఉప్పునీటిని వరిమడిలో, కూరపాదుల్లో పోయకూడదు. కొబ్బరిచెట్టు మొదట్లో కొద్దిగా పోస్తే ఓర్చుకుంటుంది. పుట్టిన మోలీ పిల్లలు ఎక్కువైతే గెడ్డలో వదలాలనిపిస్తుంది. అది జీవకారుణ్యం కాదు. దోమలను అణచడానికి 1928లో మన దేశానికి తెచ్చిన గంబూషియా చేప లోకమంతా స్థానిక చేపల గుడ్లూ పిల్లలూ తిని ఎంత చేటు చేసిందో శాస్త్రజ్ఞులు ఇప్పటికీ లెక్కగడుతూనే ఉన్నారు. పరిగెల పక్కన మోలీకి చోటు లేదు. దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా తొట్టి ఉన్న ఇంకో ఇంటికి పంచండి.

క్లౌన్ చేప తొట్టిలో 20 ఏళ్లు దాటి బతికిన సందర్భాలున్నాయి. ఈ ఏజెన్సీ పల్లెల్లో చాలామంది పిల్లలు ఐదో తరగతి కాగానే గురుకులానికి వెళ్లిపోతారు, సెలవులకే ఇంటికొస్తారు. ఆ తర్వాత వారం వారం పది లీటర్ల నీళ్లు ఎవరు మారుస్తారో ఇంట్లో తేల్చుకున్నాకే చేపను కొనండి.